చుక్క ఆగిన చోటు

మా తమ్ముడు పోయిన రోజున వాడి ఫోటో ఒకటి కావాల్సి వచ్చి ఇల్లంతా తిరగేశాను. బీరువా, ట్రంకు పెట్టె, కుట్టుమిషను సొరుగు, చివరికి పాత బూట్ల డబ్బా కూడా వెతికాను. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. యాభై రెండేళ్ళు బతికిన మనిషికి ఒక ఫోటో లేకపోవడమేమిటని మీరనుకోవచ్చు. వాడి సంగతి తెలిసినవాళ్ళు అనుకోరు. గుర్రపుస్వారీ నేర్పే బడిలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. అక్కడ ఫోటోలకేం కరువు? గుర్రమెక్కిన ప్రతివాళ్ళకీ ఫోటో ఉంది. వాటిల్లో మావాడూ ఉన్నాడు. కళ్ళెం పట్టుకున్న చెయ్యి ఒకటి, సగం భుజం, ఒక బూటు. మిగతా మనిషి ఎప్పుడూ ఫోటో అంచుకి అవతలే. బడివాళ్ళిచ్చిన గుర్తింపు కార్డు మీద ఒక బొమ్మ ఉంది గానీ, చెమటకి నాని నాని అది మా తమ్ముడో గోడ మీది చెమ్మ మరకో చెప్పడం కష్టం.

అందుకే ఆ తర్వాత ఏడాదికి పైగా నేను ఒకే ఒక్కదాని కోసం ఎదురుచూశాను. వాణ్ణీ వాడి గుర్రాన్నీ కలిపి ఒక వీడియో గేములోకి ఎక్కించారు. ఆ మాట వాడే నాతో చెప్పాడు. ఆ గేము బయటికి వస్తే, అందులో వాడు నడుస్తుంటే ఒక్కసారి కళ్ళారా చూడాలి. నా కోరికల్లా అదే.

నాకూ వాడికీ ఎనిమిదేళ్ళ తేడా. అమ్మ పోయాక వాణ్ణి నేనే పెంచాను. నాది బట్టలు సరిచేసే పని. బిగుతైనవి వదులు చేస్తాను, వదులైనవి బిగిస్తాను, పొడుగైనవి మడిచి కుడతాను. ఒక చొక్కా నా చేతిలో పెడితే, ఆ మనిషి ఏ చేత్తో సంచి మోస్తాడో, ఏ పక్కకి ఒరిగి కూర్చుంటాడో ఇట్టే చెప్పేస్తానని నాకు మహా గొప్ప. మా తమ్ముడి చొక్కాలన్నిటికీ కుడి మోచెయ్యే ముందు చిరిగేది. గుర్రానికి ఎడమపక్కన నడిచే మనిషికి కుడిచెయ్యే కదా రాసుకుపోయేది! ఆ మోచేతికి ముప్ఫై ఏళ్ళలో ఎన్ని అతుకులు వేశానో లెక్కే లేదు.

వాడు పెళ్ళి చేసుకోలేదు. ఒక సంబంధం దగ్గరిదాకా వచ్చింది. ఆ అమ్మాయి నన్ను పక్కకి పిలిచి, "మీ తమ్ముడి దగ్గర ఎప్పుడూ ఇదే వాసనా అండీ?" అని అడిగింది. నాకు అబద్ధం చేతకాదు. "ఇవాళ స్నానం చేసొచ్చాడమ్మా, అందుకే తక్కువగా ఉంది" అన్నాను. మళ్ళీ వాళ్ళు మా గడప తొక్కలేదు. వాడేమైనా బాధపడ్డాడా అంటే, గాడిద గుడ్డు! ఆ సాయంత్రమే ఈల వేసుకుంటూ బడికి పోయాడు.

బడికి ఎందుకంటే, అక్కడ చుక్క ఉంది. చుక్క ఒక పొట్టి ఆడగుర్రం. గోధుమరంగు ఒళ్ళు, నుదుట తెల్లటి చుక్క. మిగతా గుర్రాలన్నీ కాళ్ళు బారెడు పొడుగున్న జమీందార్లలా ఉంటే, ఇది ఒక్కతే పనిమనిషిలా ఉండేది. పైన ఎవరు కూర్చున్నా సరే, ఎడమపక్కన మా తమ్ముడు నడుస్తుంటేనే అది నడిచేది. వాడు ఆగితే ఆగేది. రోజూ పని అయిపోయాక కూడా వాడు దాని దగ్గరే. గిట్టలు తీసి చూడటం, జూలు దువ్వడం, నోరు తెరిచి పళ్ళు పరీక్షించడం.

"ఒరేయ్, గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతూ కూర్చుంటే నీ బతుకెప్పుడు బాగుపడుతుందిరా?" అని నేను తిట్టేదాన్ని.

"మా చుక్కకి కళ్ళు బాగానే ఉన్నాయక్కా, పళ్ళే కాస్త పాడయ్యాయి" అని నవ్వేవాడు. వాణ్ణి తిట్టి గెలవడం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

ఒకరోజు బడికి గేములు తయారుచేసే కంపెనీవాళ్ళు వచ్చారు. వాళ్ళు తీస్తున్నది వైకింగుల కాలం నాటి కథ. ఇంటికొచ్చి మా తమ్ముడు ఆ సంగతి నాకు చెప్పిన తీరు ఇప్పటికీ చెవిలో ఉంది.

"వెయ్యేళ్ళ కిందటి వాళ్ళట అక్కా. చలిదేశాల నుంచి ఓడల మీదొచ్చి ఊళ్ళు దోచుకునేవాళ్ళట."

"బాగుంది. మంచి సావాసమే దొరికింది నీ గుర్రానికి."

"విను ముందు! అప్పటి గుర్రాలు పొట్టిగానే ఉండేవట. అందుకని ఆ పొడుగు గుర్రాలన్నిటినీ వదిలేసి మా చుక్కనే ఎంచుకున్నారు." వాడి మొహం చూడాలి. కన్నకూతురికి బహుమతి వచ్చినట్టు మురిసిపోయాడు. కాసేపటికి కాస్త దిగులుగా, "వాళ్ళల్లో గొప్పవాడు ఎవడైనా చస్తే, ఒక్కోసారి వాడి గుర్రాన్ని కూడా చంపి పక్కన పాతిపెట్టేవాళ్ళటక్కా. చచ్చినవాడు చచ్చాడు, మధ్యన అదేం పాపం చేసింది?" అన్నాడు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. వెయ్యేళ్ళ కిందట చచ్చిన గుర్రాల కోసం ఇప్పుడు పస్తులేమిట్రా అని దానికీ తిట్టాను.

ఆ పని ఎలా చేస్తారో కూడా వాడే చెప్పాడు. పెద్ద హాలు. నేలంతా రబ్బరు పట్టాలు. గోడల నిండా కెమెరాలు. గుర్రం ఒంటి మీద మెరిసే తెల్లటి చిన్న బంతులు అంటిస్తారు. అది నడుస్తుంటే ఆ నడకంతా కంప్యూటరులోకి పోతుంది, ఆ నడకని గేములోని గుర్రానికి తొడుగుతారు. బంతులు అంటించే ఆవిడ వయసులో చిన్నదే. చుక్క తోక విసిరినప్పుడల్లా "సారీ మేడమ్" అనేదట గుర్రంతో. అందుకని మావాడికి నచ్చేసింది. బంతులమ్మాయి అని పేరు పెట్టాడు.

చుక్క సంగతి తెలుసుగా, మావాడు పక్కన లేనిదే అడుగు కదపదు. అందుకని వాణ్ణి కూడా దానితోపాటు నడవమన్నారు. వేసుకోవడానికి నల్ల చొక్కా, నల్ల ప్యాంటు ఇచ్చారు. ఒంటి మీద మెరిసేది ఏదీ ఉండకూడదన్నారట. ఎందుకని వాడూ అడగలేదు, నేనూ అడగలేదు. చొక్కాకున్న తెల్ల గుండీలు కోసేసి నల్ల గుండీలు కుట్టాను. జిప్పు మీద నల్లగుడ్డ పట్టీ వేశాను. ప్యాంటు మరీ వదులైతే, వాణ్ణి నిలబెట్టి టేపు వేశాను. అంతకు ముందు ఏడాది వాడి ప్యాంటుకు నేను రాసుకున్న కొలత కన్నా నడుము రెండంగుళాలు తక్కువ వచ్చింది.

"ఏరా, నీ తిండి కూడా ఆ గుర్రమే తింటోందా?"

"తిననీ అక్కా, అది చేసే పనికి" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నేను రెండంగుళాలూ బిగించి కుట్టేశాను.

మూడు రోజులు నడిపించారు. చెక్కలతో ఏటవాలుగా ఒక దారి కట్టి, కొండ ఎక్కుతున్నట్టు పైకీ కిందకీ తిప్పారు. మూడో రోజు ఇంటికొచ్చి గుమ్మంలోనే కుర్చీలో కూలబడి, "అయిపోయిందక్కా. నన్నూ చుక్కనీ కంప్యూటర్లోకి ఎక్కించేశారు. ఇంక మేం చచ్చినా అందులో నడుస్తూనే ఉంటాం" అన్నాడు. "ఆ నోరు మంచిది కాదు, కాళ్ళు కడుక్కో" అన్నాను నేను.

మా ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదు. కింద వీధి తలుపు చప్పుడు వినగానే నేను గిన్నె స్టవ్ మీద పెట్టేదాన్ని. వాడు పైకొచ్చేసరికి సరిగ్గా వేడెక్కేది. ఏళ్ళ తరబడి అదే లెక్క. ఆఖరి నెలల్లో గిన్నె అడుగంటడం మొదలైంది. వాడి అడుగుల చప్పుడు రెండో అంతస్తు దగ్గర ఆగేది. చాలాసేపటికి గానీ మళ్ళీ కదిలేది కాదు. నేను తలుపు తీసి కిందికి అరిచేదాన్ని.

"ఏం చేస్తున్నావురా అక్కడ?"

"బూటు లేసు ఊడిందక్కా!"

"రోజూ రెండో అంతస్తులోనే ఊడుతుందా? అక్కడే మంచం వేయించుకో, సోమరిపోతా!"

అరిచి, మళ్ళీ స్టవ్ దగ్గరికి పోయేదాన్ని. ఒక్కనాడైనా ఆ మెట్లు దిగి చూడలేదు.

ఆ హాలులో నడిచిన అయిదు నెలలకి వాడు పోయాడు. చుక్క కొట్టంలో బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుర్రం కదలకుండా పక్కనే నిలబడి ఉండటంతో, వాడు దాని కాళ్ళు చూసుకుంటున్నాడేమోనని మధ్యాహ్నం దాకా ఎవరూ పట్టించుకోలేదట. డాక్టరు నాతో, "గుండె ఉన్నట్టుండి ఆగిందమ్మా. బాధ కూడా తెలిసుండదు" అన్నాడు. ఆ ఒక్క మాటే పట్టుకుని బతికాను. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పాను. రాయిలా ఉన్నాడండీ, ఏ జబ్బూ లేదు, ఉన్నట్టుండి పోయాడు, ఎవరం మాత్రం ఏం చెయ్యగలం అని. చెప్పగా చెప్పగా నాకూ గట్టి నమ్మకం కుదిరింది.

గేము విడుదలైందని బజారులో ఒక దుకాణం ముందు వేలాడుతున్న పెద్ద బొమ్మ చూసి తెలుసుకున్నాను. గొడ్డలి పట్టుకున్న గడ్డపాయన ఒకడు, వెనక గుర్రం. మావాడు ఏ మూలనైనా ఉన్నాడేమోనని కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాను. లోపలికెళ్ళి అడుగుదామంటే, నా దగ్గర కంప్యూటరా, పాడా. కుట్టుమిషను మీద గేములు ఆడలేం కదా.

అలాంటిది, ఆ తర్వాత నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం తలుపు తట్టి, భుజాన నల్లసంచితో ఒక అమ్మాయి నిలబడింది.

"సారీ మేడమ్, ఇక్కడ... గుర్రాల బడిలో పనిచేసే ఆయన ఇల్లు ఇదేనా? ఆయన్ని ఒక విషయం అడగాలి" అంది.

"నువ్వు బంతులమ్మాయివి కదూ?" అన్నాను. ఆ పిల్ల తెల్లబోయింది. కూర్చోబెట్టి, వాడు లేడని చెప్పాను. బడిలో వేరే పని మీద తొందరలో ఉన్నవాళ్ళెవరో ఇంటి గుర్తులు చెప్పారే గానీ, ఈ మాట చెప్పలేదట.

"నువ్వు వాణ్ణి ఏమడగాలనుకున్నావో తర్వాత చూద్దాం. ముందు నాకు వాణ్ణి చూపించు. గేములో ఉన్నాడుగా" అన్నాను. మిషను బల్ల మీది బట్టలన్నీ మంచం మీదికి తోసేసి చోటు చేశాను.

ఆ పిల్ల ఏదో చెప్పబోయి ఆగింది. ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది. రెండు చేతులతో పట్టుకునే మీటలదొకటి తీసింది. తెర మీద మంచు, సముద్రం, ఒడ్డున చెక్క ఇళ్ళు. గడ్డపాయన నిలబడి ఉన్నాడు. పక్కన గుర్రం. బూడిదరంగు ఒళ్ళు, మోకాళ్ళ దాకా జూలు. నుదుట చుక్క లేదు.

"ఇది మా చుక్క కాదే!"

"రంగు మార్చామమ్మా. నడక చూడండి."

గుర్రం నడిచింది. అయ్యో, నడక చుక్కదే. తల కాస్త కిందికి వంచి, ఏదో మర్చిపోయి గుర్తుతెచ్చుకుంటున్నట్టు నడుస్తుంది అది. "ఉండు, ఉండు, వాడేడీ?" అని తెర దగ్గరికి వంగాను. ఆ పిల్ల గుర్రాన్ని అటూ ఇటూ తిప్పింది. ఎడమపక్కన మంచు తప్ప ఏమీ లేదు.

"వాడేడమ్మా?"

"ఆయన ఇందులో ఉండరమ్మా" అంది తలొంచుకుని. "కెమెరాలకి మెరిసేవే కనిపిస్తాయి. గుర్రం మీది బంతులు మాత్రమే. ఆయన కనిపించకూడదనే నల్లబట్టలు వేయించాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మనిషిని పక్కన పెట్టుకుని మూడు రోజులు నడిపించి, వాణ్ణి తుడిచేస్తారా? మీరు మనుషులేనా?" అని నోటికొచ్చినట్టు అరిచాను. అరుస్తూ అరుస్తూ మధ్యలో ఆగిపోయాను. తెల్ల గుండీలు కోసి నల్లవి కుట్టింది ఎవరు? జిప్పు మీద పట్టీ వేసింది ఎవరు? ఇంకెవరో కాదు, నేనే. కుర్చీలో కూలబడ్డాను. ఎక్కడో దాచుకున్న ఒకే ఒక్క ఆశ కూడా పోయింది. ఏడుపు కూడా రాలేదు.

ఆ పిల్ల నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. కాసేపయ్యాక మెల్లగా, తను వచ్చిన పని చెప్పింది.

"గుర్రం ఎత్తు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగిపోతోందమ్మా. హాలులో ఏటవాలు ఎక్కినప్పుడు ప్రతిసారీ అలాగే ఆగింది. గుర్రాలు అలసట తీర్చుకోవడానికి ఆగుతాయేమో, సహజంగా ఉందిలే అని అలాగే ఉంచేశాం. ఇప్పుడు ఆడేవాళ్ళందరూ గొడవ. సోమరి గుర్రం అంటున్నారు. తీసేయమని మా పైవాళ్ళు. నేను పొద్దున బడికెళ్ళి చూసొచ్చాను. దానికి ఇప్పుడు కొత్తాయన అలవాటయ్యాడు, ఆయన పట్టుకుంటే చుక్క ఎంత ఎత్తయినా ఆగకుండా ఎక్కేస్తోంది. ఇంకోటి, ఆగినప్పుడు దాని ఎడమ భుజం కొంచెం కుంగుతుంది. అక్కడ ఏమీ లేదు, మరి ఎందుకు కుంగుతుందో మాకెవరికీ అర్థం కాలేదు. ఆయన్ని అడుగుదామని వచ్చాను."

"ఏదీ, చూపించు."

మంచుకొండ వైపు గుర్రాన్ని నడిపించింది. అది నింపాదిగా ఎక్కుతోంది. సగం ఎక్కి ఆగింది. తల ఎడమపక్కకి తిప్పింది. మనిషి రొమ్ముకి ఆనేంత ఎత్తులో మూతి పెట్టి, చెవులు ముందుకి పెట్టి నిలబడింది. ఎడమ భుజం కుంగింది. అలాగే ఉంది. ఉంది. ఉంది. నాకు తెలియకుండానే నా చెవులు మెట్ల వైపు పోయాయి. ఆ ఆగడం ఎంతసేపో నాకు తెలుసు. గిన్నె అడుగంటేంతసేపు. బూటు లేసు ఊడినంతసేపు. అప్పుడు భుజం పైకి లేచింది, గుర్రం మళ్ళీ కదిలింది.

"అమ్మా?" అంది ఆ పిల్ల.

"ఆగింది గుర్రం కాదమ్మాయ్" అన్నాను. "మావాడు. వాడికి ఆయాసం. ఎత్తు ఎక్కలేక దాని భుజం మీద చెయ్యేసి ఒరిగాడు. అది వాడి బరువు. వాడు నిలదొక్కుకునేదాకా అది కదల్లేదు."

ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "మేమందరం అక్కడే ఉన్నామమ్మా" అంది. "పదిమందిమి. అందరం తెర వైపే చూస్తున్నాం. తెర మీద ఆయన లేరు."

వాళ్ళనేం అనను? ముక్కూ మొహం తెలియనివాళ్ళు. నేనో, వాడి నడుముకి టేపు వేసి, రెండంగుళాలు తగ్గిందని నోటితో చదివి, నవ్వి, బిగించి కుట్టినదాన్ని. చొక్కా చూసి మనిషి బతుకు చెప్పేస్తానని గొప్పలు పోయినదాన్ని. ఉన్నట్టుండి పోలేదు వాడు. నెలల తరబడి, రోజూ రెండుపూటలా, నా గుమ్మానికి ఇరవై మెట్ల కింద కొంచెం కొంచెంగా పోయాడు. నాకు చెబితే గుర్రాల పని మాన్పించేస్తానని చెప్పలేదు. మాన్పించేదాన్నే. అది నోరులేని గుర్రానికి తెలిసింది, నోరే తప్ప ఇంకేమీ లేని నాకు తెలియలేదు. సోమరిపోతా అని అరిచాను. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆ పిల్ల నా వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది.

వెళ్ళేముందు, పైవాళ్ళకి ఈ సంగతి చెప్పి చూస్తానంది. వింటారో వినరో చెప్పలేనంది. వచ్చే వారం కల్లా సరిచేసి పంపాలట. అబద్ధం చెప్పనందుకు నాకు నచ్చింది.

"పోయే ముందు ఇంకొక్కసారి ఎక్కించమ్మా" అన్నాను.

మళ్ళీ మంచుకొండ. మళ్ళీ ఆ నడక. సగం ఎత్తుకి వచ్చి చుక్క ఆగింది, తల తిప్పింది, భుజం కుంగింది. ఆగితే తోలడం అలవాటైపోయిన చెయ్యి, ఆ పిల్ల బొటనవేలు మీట మీదికి పోయింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"తోలకమ్మా" అన్నాను. "వాడికి ఊపిరి అందనీ."